మొండితనం కాదు, భయం



చాలా ఏళ్ళ క్రితం చిత్తూరు జిల్లాలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, ఒక తల్లి తన ఆరేళ్ళ కొడుకును నా వద్దకు తీసుకొనివచ్చింది. "చొక్కా వేసుకోమంటే మంచం కిందికి దూరతాడు సార్. తానే అడిగిన బొమ్మను కూడా, తీసుకోమంటే విసిరికొడతాడు" అన్నది. నేను పరీక్షించి, "జబ్బేమీ లేదమ్మా, ఉత్త మొండితనం. కాస్త గట్టిగా ఉండండి" అన్నాను. నా మాట ఆ ఇంట్లో దెబ్బలుగా మారిందని నెల తరువాత వాడి వీపు చూసినప్పుడు తెలిసింది. వాతలకు మందు రాసిచ్చాను. నా సలహాకు విరుగుడు మాత్రం అప్పుడు నాకు తెలియదు.

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి, ఇతరులు ఏ పని చేయమన్నా, అది తమకు ఇష్టమైనదే అయినా, తట్టుకోలేనంత ఆందోళన కలుగుతుంది. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ న్యూసన్ 1980లలో ఈ తీరుకు 'పెథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్' అని పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానం లేదు. వైద్యులలో చర్చ సాగుతూనే ఉన్నది. పేరు మీద వాదం ఎలా ఉన్నా, ఆ బిడ్డ భయం నిజం.

మనం పిల్లలతో ఆడే మాటలు గమనించండి: లే, రా, తిను, కూర్చో, తాతకు దండం పెట్టు. అన్నీ ఆజ్ఞలే. ఇటువంటి బిడ్డకు ఒక్కొక్కటీ వెనుక నుంచి తోసినట్లుంటుంది.

పదవీ విరమణ తరువాత తిరుపతిలో మా వీధిలోని ఒక అవ్వ మనుమడికి సంగటి పెట్టే తీరు చూశాను. ఆమె "తిను" అనదు. పళ్ళెం అక్కడ ఉంచి, "సంగటి వేడిగా ఉంది. పప్పు నంచుకుంటే బాగుంటుందో, ఊరుబిండి నంచుకుంటే బాగుంటుందో" అని తనలో తాను అనుకొంటూ పెరట్లోకి వెళ్ళిపోతుంది. కాసేపటికి లోపలి నుంచి "ఊరుబిండి" అని వినబడుతుంది.

ఆమె చేస్తున్నదే నేటి నిపుణులూ చెబుతున్నారు. ఆజ్ఞకు బదులు విషయం చెప్పండి. రెండింటిలో ఒకటి ఎంచుకోనివ్వండి. జవాబుకు వ్యవధి ఇవ్వండి. బిడ్డ ఉద్రేకంలో ఉన్నప్పుడు మాటలు తగ్గించండి. అతిగా పొగడకండి; "రేపూ ఇలాగే చేయాలి" అన్న ఒత్తిడి అందులోనూ ఉంటుంది. నిప్పు, రోడ్డు, మందుల వంటి ప్రమాదాల విషయంలో మాత్రం రాజీ వద్దు. తక్కినవి కొన్నాళ్ళు వదిలివేసినా నష్టం లేదు.

మాట వినని ప్రతి బిడ్డకూ ఈ సమస్య ఉన్నట్లు కాదు. వినికిడి లోపమో, నొప్పో కారణం కావచ్చు. ముందు పిల్లల వైద్యునికి చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు ఉన్నాయి. ఆటిజం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఒకటి.

ఆ తల్లిని మళ్ళీ చూసే అవకాశం నాకు రాలేదు. ఆమెకు చెప్పవలసినది మీకు చెబుతున్నాను. ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు "తిను" అనే ఒక్క మాట మానుకొని చూడండి.