మొదటి వరుస చదవండి



మన పాత పాటల పుస్తకం కాగితం పొడిపొడి అవుతోంది. చూపు తగ్గిన అవ్వలు దాన్ని పట్టుకుని కూర్చుంటున్నారే గాని పాడలేకపోతున్నారు. అందుకని పేజీలను ఫోటో తీసి, టెసెరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మార్చి, పెద్ద అచ్చులో ఇద్దామని తలపెట్టాము. 1985లో హెచ్‌పీ కంపెనీలో మొదలైన ఆ పనిని 2005లో అందరికీ తెరిచి ఇచ్చారు. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ వరుస మొత్తాన్ని కలిపి చూసి చదువుతుంది. గుణింతం, వత్తు అల్లుకుపోయే మన లిపికి కావలసింది అదే.

మాకున్నది కోదాడ నుండి వచ్చిన పాత 32-బిట్ కంప్యూటర్. అందులో ఉన్నది డెబియన్ 8. దానికి పొడిగించిన మద్దతు కూడా 2020 జూన్‌తో ముగిసింది. మార్చేద్దామంటే పొదుపు సంఘం లెక్కలు దాని మీదే నడుస్తున్నాయి. పదిమంది కష్టార్జితం ఉన్న చోట చెయ్యి పెట్టకూడదు. అందుకే మూల కోడ్ తెచ్చి అక్కడే కంపైల్ చేయడానికి కూర్చున్నాము.

మొదట లెప్టానికా 1.74 కావాలంది, ఉన్నది 1.71. ముందు దాన్ని కంపైల్ చేశాము. తర్వాత మెమరీ చాలక పని సగంలో ఆగింది. స్వాప్ ఫైలు జోడించి, ఒక్కొక్క ఫైలుగా నడిపించాము. కరెంటు పోయి వచ్చినా, మేక్ ఆదేశం అయిపోయిన ఫైళ్లను వదిలి మిగిలినవే అందుకుంది. అంతా అయ్యాక లైబ్రరీ కనబడలేదంది. ఎల్‌డీకాన్ఫిగ్ అని ఒక్క మాట కొడితే దొరికింది.

ఈ పనిలో మేము నేర్చుకున్నది ఒకటుంది. తెర మీద చివరి వరుస ‘ఎర్రర్ 1’ అంటుంది, అంతే. అసలు కారణం ఎంతో పైన, మొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది. ఓపికగా పైకి వెళ్లినవారికే అది కనబడుతుంది. ఇంట్లో గొడవ కూడా అంతే కదా! ధడాలున తలుపు వేయడం చివరి వరుస. ఎన్నడో అడిగి, జవాబు దొరకని మాట మొదటి వరుస. మనం తలుపు గురించే పోట్లాడుకుంటాము.

ఇప్పటికి పన్నెండు పాటలు పెద్ద అక్షరాల్లో వచ్చాయి. యంత్రం కొన్నిచోట్ల వత్తులు తారుమారు చేస్తోంది. వాటిని మనుషులే దిద్దాలి. ఆదివారం కూడిక తర్వాత గంటసేపు కూర్చోగలవారు కళ్లజోడుతో రండి. పక్కన ఒక అవ్వను కూర్చోబెట్టుకోండి. పుస్తకంలో చెరిగిపోయిన మాటలు కూడా వాళ్లకు కంఠతా వచ్చు.