మిగులు ఎవరిది?

మెఫా సబ్జెక్ట్ సంగతి మన సీఎస్ఈ వాళ్ళకి చెప్పక్కర్లేదు. పాసైపోతే చాలు దేవుడా అనుకునే సబ్జెక్ట్. ఈ సెమ్‌లో సెమినార్ టాపిక్‌లు పంచితే నాకు వచ్చినది “బడ్జెట్ సర్‌ప్లస్, ఎన్నికలు”. సర్‌ప్లస్‌ని తెలుగులో ‘మిగులు’ అంటారని ఆరోజు సార్ చెప్తేనే తెలిసింది. ఇంగ్లిష్ మీడియం పుణ్యం.

అందరూ చెప్పే ఉదాహరణ అమెరికాదే, 2000 ఎన్నిక. ప్రభుత్వానికి వచ్చిన డబ్బు ఖర్చు కంటే ఎక్కువైతే మిగులు. క్లింటన్ చివరి ఏళ్ళలో అక్కడ అలాగే మిగిలింది. 2000 ఆర్థిక సంవత్సరంలో ఏకంగా 236 బిలియన్ డాలర్లు. ఇక ఎన్నికలో పెద్ద గొడవ దాని మీదే. ఉపాధ్యక్షుడు అల్ గోర్, ముసలివాళ్ళ పెన్షన్ డబ్బు జోలికి ఎవరూ పోకుండా పెట్టెలో పెట్టి తాళం వేద్దాం, దేశం అప్పు తీరుద్దాం అన్నాడు. జార్జ్ బుష్, ఆ డబ్బు ప్రభుత్వానిది కాదు, జనానిది, పన్నులు తగ్గించి తిరిగి ఇచ్చేస్తా అన్నాడు. దేశమంతా కలిపి చూస్తే గోర్‌కే సుమారు 5 లక్షల 40 వేల ఓట్లు ఎక్కువ. కానీ ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో పదవి పోయింది. 2001లో బుష్ పన్నులు తగ్గించాడు, ఒక్కొక్కరికి 300 డాలర్ల దాకా చెక్కులు వెళ్ళాయి. మాంద్యం, సెప్టెంబర్ 11 కూడా తోడై 2002కల్లా మిగులు పోయి లోటు వచ్చేసింది.

స్లయిడ్ చివర్లో స్టయిల్‌గా ఒక లైన్ పెట్టాను: “చెక్కు కోసం ఓటేసే జనానికి ముందుచూపు ఉండదు.”

శనివారం తగరపువలసలో ఇంటికెళ్ళి అమ్మ ముందు ప్రాక్టీస్ చేశాను. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ విని, “అదేటి, మిగిల్చినోడే ఓడిపోయేడా?” అంది. అంతకంటే మంచి ప్రశ్న తర్వాత క్లాసులో ఒక్కరూ అడగలేదు. మిగులుంటే గెలుపు అధికార పార్టీదే అనుకుంటాం. కానీ ఖజానాలో డబ్బుందని తెలిశాక ఎదుటివాడు కూడా ధైర్యంగా హామీ ఇవ్వొచ్చు. డబ్బెక్కడిది అని వాణ్ణి అడగడం కష్టం.

మన దగ్గర కూడా ఉందమ్మా అని తెలంగాణ సంగతి చెప్పాను. 2014లో రెవెన్యూ మిగులుతో పుట్టిన రాష్ట్రం (అంటే అప్పులు లేవని కాదు, రోజువారీ ఖర్చులు పోను మిగిలిందని). 2018 మేలో రైతుబంధు చెక్కులు, ఎకరాకి పంటకి 4,000. డిసెంబర్‌లో ఎన్నిక, టీఆర్ఎస్‌కి 119లో 88 సీట్లు. మనది లోటు రాష్ట్రం. అయినా 2019లో డ్వాక్రా మహిళలకి పసుపు కుంకుమ కింద 10,000, మూడు చెక్కులుగా ఇచ్చేరు. చివరిది పోలింగ్‌కి వారం లోపే. అయినా తెలుగుదేశానికి వచ్చినవి 175లో 23.

ఆ ఊపులో, “నువ్వూ తీసుకున్నావు కదా, ఓటు అమ్ముకున్నట్టే మరి” అనేశాను.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. “నానేటి అమ్ముకున్నాన్రా? ఆ డబ్బులు నీ స్కూలు ఫీజు బకాయికెళ్ళిపోయేయి. ఓటు నాకు నచ్చినోడికేసేను. ఎవులికేసేనో మీ నాన్నకే చెప్పలేదు, నీకు చెప్తానా?” అని లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. భోజనం పెట్టింది గానీ మాట్లాడలేదు.

రాత్రి స్లయిడ్లు సరిచేద్దామని లాప్‌టాప్ తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ లాప్‌టాప్ ఎలా వచ్చిందో. పోయినేడు అమ్మ కట్టిన చీటీ అయిపోయి, చిల్లర అప్పులు పోను మా ఇంట్లో 40,000 మిగిలింది. భీమిలి రోడ్డులో ఆటో నడిపే మా నాన్న, బ్యాంకులో తాకట్టున్న అమ్మ గొలుసు విడిపిద్దాం, వడ్డీ తగ్గుతుంది అన్నాడు. నేను లాప్‌టాప్ అన్నాను, క్లాసులో అందరికీ ఉంది అని రెండు రోజులు మొహం మాడ్చుకుని కూర్చున్నాను. అమ్మ నా వైపు చెప్పింది. అంటే నాన్న గోర్, నేను ఆ 300 డాలర్ల చెక్కు కోసం ఎదురుచూసిన ఓటర్ని.

ఆ లైన్ తీసేశాను. దాని బదులు ఏం రాయాలో తెలీక, అమ్మ అడిగిన ప్రశ్నే పెట్టాను, అమ్మ మాటల్లోనే. క్లాసు నవ్వింది. సార్ నవ్వలేదు, ఇంకో పది నిమిషాలు దాని మీదే మాట్లాడించారు.

మార్కులెన్నేసేరని అమ్మ ఫోన్‌లో అడిగింది, చెప్పాను. శనివారం అన్న మాట గురించి ఇద్దరం ఎత్తలేదు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది, వచ్చే నెల రెన్యూవల్.