చైను ఒక్కటేనా?

పదకొండో తరగతిలో ప్రభుత్వం ఇచ్చిన సైకిలు నాది. మన క్లాసులో చాలామందికి అదే మొదటి సొంత బండి. ఈమధ్య మిట్ట ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చైను టక్కుమని జారుతోంది.

"టౌన్ బస్సు ఆడవాళ్ళకు ఉచితమే కదా, ఆ సైకిలు పాత సామానుకు వేసెయ్యవే" అంటుంది అమ్మ. బస్సు ఉచితమే, కానీ దాని టైముకు మనం లేవాలి. సైకిలుంటే లైబ్రరీ మూసేదాకా కూర్చోవచ్చు.

షాపు అన్న చూసి, "చైను, ఫ్రీవీలు, చైన్‌వీలు మూడూ మార్చాలమ్మా" అన్నాడు. మూడా? ఇంటికొచ్చి స్కేలు పెట్టాను. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. లోపల పిన్నులు అరిగేకొద్దీ పొడుగు పెరుగుతుంది. 1/16 అంగుళం పెరిగితే చైను మారిస్తే చాలు. నాది 1/8 దాటింది! అంత అరిగిన చైను వెనక ఫ్రీవీలు పళ్ళను కూడా తినేసి ఉంటుంది, వాటిమీద కొత్త చైను నిలవదు. పెడలు దగ్గరి చైన్‌వీలుకు పళ్ళు ఎక్కువ, బరువు పంచుకుంటాయి కాబట్టి నిదానంగా అరుగుతుంది. నా సైకిలుకు అవి బాగానే ఉన్నాయి.

అప్పాకు తమిళమే బాగా వచ్చు. "పల్లు పోచ్చా?" అన్నారు. "పళ్ళు కాదు, మనం కట్టే పన్ను" అంది అమ్మ.

చివరికి రెండే మార్పించాం, డబ్బు అప్పా ఇచ్చారు. పాత చైను మాత్రం అమ్మ పాత సామానుకు వేసింది.