పైట ఏ భుజం మీద

ఆదివారం పొద్దున్నే పుదుచ్చేరి గాంధీ వీధి సంతకి వెళ్తే, చొక్కాల గుట్టలూ చెప్పుల గుట్టలూ దాటాక, పాత రేడియోల పక్కన అట్టపెట్టె నిండా ఫొటోలు కనిపిస్తాయి. ఎవరి పెళ్లో, ఎవరి బడో, ఎవరింట్లోంచి బయటికొచ్చాయో. అందరూ వాటిలో మనుషుల్ని చూస్తారు. నేను మాత్రం వెనకాల రోలరుందా, ట్రాక్టరుందా అని చూస్తాను.

మాది యానాం. సర్కారు ఒకటే గానీ, మా ఊరి నుంచి ఇక్కడికి 800 కిలోమీటర్ల పైమాటే. కుర్రతనంలో రోడ్డు రోలర్ల మెకానిక్కుగా వచ్చి, 8-10 టన్నుల డీజిలు రోలర్ల కింద వీపు ఆన్చి ముప్పయ్యేళ్లు గడిపాను. రిటైరయ్యాక ఒకాయన రోడ్డు పని ఫొటో తెచ్చి "మేస్త్రీ గారూ, ఇదే బండి?" అన్నాడు. అలా మొదలైంది. ఇప్పుడు యానాం నుంచి, కాకినాడ నుంచి కూడా ఫోన్లో ఫొటోలు వస్తాయి. ఫీజేమీ లేదు. ఎదురుగా వస్తే కాఫీ నేనే ఇస్తాను.

ఫొటో చేతికి రాగానే బండి జోలికి పోను. ముందు వెనకాల ఏముందో చూస్తాను. మన బీచ్ రోడ్డు ఫొటోలో పాత ఇనప వంతెన సముద్రంలోకి తిన్నగా ఉంటే, అది 1952 తుపానుకి ముందుది. ఆ తుపాను దాన్ని మింగేసింది. నెంబరు ప్లేటు కనబడితే అదృష్టమే. మూడు అక్షరాలూ ఆ తర్వాత అంకెలూ ఉంటే 1989కి ముందు రిజిస్టరైన బండి. రంగు గురించి మాత్రం నన్ను అడక్కండి. ఎరుపు అంటే గుడ్డిదైన ఫిల్ము ఒకప్పుడు వాడేవాళ్లు. ఎర్రటి బండి అందులో బొగ్గులా పడుతుంది. నల్ల ట్రాక్టరని నాతో పందెం కాసినవాళ్లున్నారు.

రోలర్లయితే నాకు వెన్నతో పెట్టిన విద్య. పొగగొట్టం, బాయిలరు, ముందు చక్రాన్ని తిప్పడానికి రెండు పక్కలా గొలుసులు ఉంటే ఆవిరి రోలరు. ముందు భాగాన కాళ్లెత్తిన గుర్రం బొమ్మ ఉంటే ఇంగ్లండులోని రోచెస్టరులో మొదలైన ఎవెలింగ్ వాళ్లది. ఆ గుర్రం వాళ్ల కెంటు జిల్లా గుర్తు. తర్వాత 1934లో ఎవెలింగ్-బార్ఫర్డ్ అయ్యారు. డీజిలు రోజుల్లో కలకత్తా జెస్సప్ రోలర్లు వచ్చాయి. వాటి పుస్తకాలూ లాగుబుక్కులూ మేం పనిచేసిన చోట అలమార నిండా ఉండేవి. ఓ వానాకాలం ఎవరో చెదలు పట్టాయని కిలోల లెక్కన అమ్మేశారు. ఏ ఆఫీసో చెప్పను. ఇప్పుడు నా తలకాయే ఆ అలమార.

ట్రాక్టర్లతోనే తంటా. మనవాళ్లు చూసేది బానెట్టు మీద పేరు. బానెట్టంటే రేకు. గుద్దుకుంటే మారుస్తారు, తుప్పు పడితే మారుస్తారు, పక్క ఊళ్లో తక్కువకొస్తే ఇంకో కంపెనీది కూడా కోసి తగిలిస్తారు. జెటర్‌కి హెచ్‌ఎంటీ మొహం పెట్టిన బండి కోనసీమలో నా కళ్లతో చూశాను. పోత ఇనుము అలా కాదు. గేరుబాక్సు డొక్క, వెనక యాక్సిలు, ముందు ఇరుసు... వీటిని మార్చే కంటే కొత్త బండి కొనుక్కోవడం నయం. అందుకే నేను మొహం వదిలేసి పొట్ట చూస్తాను. కొలత కావాలంటే పక్కన నిలబడ్డ మనిషి మోచెయ్యి ఉండనే ఉంది. చిన్న ఫెర్గూసన్ వెనక రిమ్ము 28 అంగుళాలు, మూరన్నరకి కాస్త ఎక్కువ.

డ్యాముల ఫొటోలు కూడా పంపుతారు. నాగార్జునసాగర్ పని ఫొటోలో ఎక్కడో మూలన క్రేను చూపించి దాని పేరు చెప్పమంటారు. దాని ముందు తట్టలు నెత్తిన పెట్టుకుని చీమల బారులా పోతున్న వందల మంది మీద వాళ్ల చూపు ఆగదు. ఆగదని అనడానికి నాకూ నోరు లేదనుకోండి. ఎందుకంటారా, వినండి.

మూడేళ్ల కిందట యానాం అవతల ఊరి నుంచి ఒకతను ఫొటో పంపాడు. ట్రాక్టరు వెనక నుంచి, కాస్త ఎత్తున నిలబడి తీసింది. బానెట్టు మీద నలుగురు పిల్లలు, దాని మీదో బంతిపూల దండ, ఒక్క అక్షరం కనబడదు. సీట్లో వాళ్ల నాన్న. వెనక చక్రం పక్కన చీర కట్టుకుని వాళ్లమ్మ. "ఇది మా తాత కొన్నాడా, నాన్న కొన్నాడా తేలాలండి. తాత 1957లో పోయాడండి" అన్నాడు.

వెనక నుంచి ఫెర్గూసన్ జాతి అని తెలుస్తూనే ఉంది. ఇక పెడళ్లు చూశాను. ఫెర్గూసన్ టీఈ20కి క్లచ్చూ ఒక బ్రేకూ ఎడమవైపు, రెండో బ్రేకు కుడివైపు. దాని తర్వాతొచ్చిన 35కి క్లచ్చొక్కటే ఎడమ, బ్రేకులు రెండూ కుడి. ఫొటోలో ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి. ఇంకేం, టీఈ20! ఇంగ్లండులో 1946 నుంచి 1956 దాకా తయారైంది, 5 లక్షలకి పైగా. తాతదే అయ్యుంటుందని చెప్పేశాను. అతను పొంగిపోయి ఊళ్లో తొలి ట్రాక్టరు తాతదేనని అందరికీ చెప్పుకున్నాడు. ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాడు.

నెల తర్వాత మా ఆవిడ నా ఫోన్లో మనవడి ఫొటోలు వెతుకుతూ ఆగింది. "ఏవండీ, ఈవిడ పైట కుడి భుజం మీద వేసుకుందేంటి?"

నా గుండె జారింది. నెగెటివు తిరగేసి ప్రింటు వేశారు! అద్దంలో బొమ్మలా ఎడమ కుడైంది. తిప్పి చూస్తే ఎడమవైపు ఒకే పెడలు, కుడివైపు రెండు. అది 35. ఇంగ్లండులోనే 1956లో వచ్చిన బండి, మరుసటేడు పోయిన తాత చేతికి ఎలా వచ్చుంటుంది? ఇక్కడే తయారైందనుకుందామా అంటే, మన దగ్గర ఆ జాతి బండ్లు చేసిన మద్రాసు టాఫే కంపెనీ పుట్టిందే 1960లో. పోత అబద్ధం చెప్పదని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, కాగితం అబద్ధం చెప్తుందని మర్చిపోయాను.

సిగ్గు పక్కన పెట్టి ఫోన్ చేశాను. అతను కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం మళ్లీ అతనే చేశాడు.

"అమ్మకి చెప్పానండి. నవ్విందండి. 'గోడకి కొట్టిన రోజే చూశాన్రా, నా పైట అటెందుకుంటుంది' అందండి."

"మరి ట్రాక్టరు?"

"నాన్నే కొన్నాడంటండి, అమ్మ గాజులు అమ్మి. ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా అంటే, 'నన్నెవరడిగారు' అందండి."

ఫోన్ పెట్టేసి ఆ ఫొటో మళ్లీ పెద్దది చేశాను. మడ్‌గార్డు మీద ఆవిడ చెయ్యి ఆనించి ఉంది. చేతికి మట్టిగాజులే ఉన్నాయి.