యుద్ధవిమానపు సద్దిమూట

తమ్ముడు పోయి ఏడాది నిండింది. వాయుసేనలో విమానాల మరమ్మతు పనిలో పాతికేళ్ళు గడిపినవాడు. మొన్న వాడి పెట్టె తెరిస్తే బట్టల అడుగున ఒక ఆంగ్ల గ్రంథం కనిపించింది. విడిభాగాల నిల్వలను గురించి క్రెయిగ్ షెర్‌బ్రూక్ 1992లో వెలువరించినది. ఛందస్సులోని గణాలు తప్ప వేరు గణితమెరుగని నేను, వాడి పెన్సిలు గీతల వెంట నెల రోజులు నడిచాను.

షెర్‌బ్రూక్ అమెరికాలోని ర్యాండ్ సంస్థలో ఉండగా రూపొందించిన ‘మెట్రిక్’ నమూనా 1968లో అచ్చయింది. యుద్ధసమయంలో విమానదళం పరాయిచోటికి తరలితే, తొలి ముప్పై రోజులూ వెనుకనుంచి ఏమీ అందదనుకొని విడిభాగాలు మూటగట్టుకోవడం ఆ దేశపు వాయుసేన పాటించిన పద్ధతి. సద్దిమూట అన్నమాట! అందులో ఏది ఎన్ని పెట్టాలన్నదే సమస్య.

ఆ ముప్పై రోజుల్లో ఒక భాగం సగటున ఒక్కసారి చెడిపోతుందనుకుందాం. ఒకటి పెడితే చాలునంటాం. కాని చేటు సగటునడిగి రాదు. పాయిజాన్ విభాజనం ప్రకారం లెక్కిస్తే, ఒకటే పెట్టినప్పుడు నూటికి 26 సార్లు కొరత పడుతుంది. రెండు పెడితే 8, మూడు పెడితే 2. అలాగని అన్నీ మూడేసి పెట్టడానికి ధనమూ చాలదు, చోటూ చాలదు. కనుక వెచ్చించే ప్రతి డాలరుకూ కొరతను ఎక్కువగా తగ్గించే భాగమేదో చూసి, ఒక్కొక్కటిగా దాన్నే చేర్చుకుంటూ పోవాలి.

ఆ పుట అంచున వాడు రాసుకున్న రెండు మాటలు: “అమ్మ మందు”.

1984 శీతకాలంలో అమ్మను కాశీకి తీసుకువెళ్ళాం. ఆమెకు ఉబ్బసం. “అన్నయ్యా, మందు రెండో సీసా కూడా పెట్టు” అన్నాడు సెలవులో వచ్చిన తమ్ముడు. “పది రోజులకు ఒకటి సరిపోతుంది, దండగ” అని, ఆ చోట రెండు ప్రబంధాలు సర్దుకున్నాను. అక్కడి చలికి సీసా వారానికే ఖాళీ అయింది. తిరుగు రైలులో రాత్రంతా అమ్మ ఆయాసంతో కూర్చునే ఉంది. తమ్ముడు ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఎంత వాడతామన్నది కాదు, లేకపోతే ఏమి ఆగిపోతుందన్నది చూడాలని వాడికి అప్పుడే తెలుసు. ముప్పైయేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నేను ఈ ఒక్క పాఠం వాడి దగ్గర కూర్చొని చెప్పించుకోవలసింది.