ఎప్పటి నుంచి బాగాలేదు?

ఈసారి కుక్కల జబ్బు గురించి రాస్తున్నానంటే, మన సమస్యలన్నీ అయిపోయాయా అన్నా అని అడిగే మిత్రులుంటారు. అయిపోలేదు. అందుకే రాస్తున్నాను.

1931 ఆగస్టు 14న బొంబాయి మణిభవన్‌లో గాంధీని కలిసినప్పుడు బాబాసాహెబ్, కుక్కలకూ పిల్లులకూ ఉన్నపాటి విలువ కూడా మావాళ్ళకు లేని ఈ దేశాన్ని నాదని ఎట్లా అనుకోవాలని నిలదీశాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇంకో ప్రశ్న పుడుతుంది. ఎవరింటి కుక్కలకు ఆ విలువ? మన వాడలో కుక్కక్కూడా సాకినవాళ్ళ కులమే అంటుకుంటుంది.

మా చిన్నమ్మ నయాపూల్ దగ్గర రోడ్లు ఊడుస్తుంది. ఆమె సాకిన వీధికుక్క రాణి. నాలుగేళ్ళది. నిరుడు చలికాలం నుంచి వారం తింటే నాలుగు రోజులు ముట్టేది కాదు. కక్కేది, వెనక కాళ్ళు వణికేవి. సెలైన్ ఎక్కిస్తే మర్నాటికి లేచి తిరిగేది. మళ్ళీ పడిపోయేది. "బజారు కుక్క కదా, చెత్త తిని ఉంటది" అని రెండుచోట్ల పంపేశారు. మూడోచోట ఒక డాక్టరమ్మ మొదట అడిగిన మాట: "ఎప్పటి నుంచమ్మా ఇట్లా?" చిన్నమ్మ పండుగల గుర్తుతో నెలలు లెక్కపెట్టి చెప్పింది.

మూత్రపిండాల దగ్గర చిన్నచిన్న అడ్రినల్ గ్రంథులుంటాయి. అవి తయారుచేసే కార్టిసాల్ కష్టకాలంలో ఒంటిని నిలబెడుతుంది. ఆల్డోస్టెరాన్ సోడియాన్ని ఒంట్లో ఆపి, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. చాలాసార్లు ఒంటి సొంత రక్షణ వ్యవస్థే ఈ గ్రంథుల్ని పాడుచేస్తుంది. అప్పుడు సోడియం పడిపోతుంది, పొటాషియం పెరిగి గుండె మందగిస్తుంది. నీరు తగ్గి కూలబడిన కుక్కకు గుండె దడదడలాడాలి. రాణికి మెల్లగా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ పట్టుకున్నది అక్కడే. సెలైన్ అంటే ఉప్పునీళ్ళే కాబట్టి అది ఎక్కినప్పుడల్లా రాణి తేరుకునేది. ఏసీటీహెచ్ సూది వేసి, ముందూ వెనకా కార్టిసాల్ కొలిచి ఖాయం చేశారు. అడిసన్స్ వ్యాధి.

1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ మనుషుల్లో దీన్ని వివరించాడు. కుక్కల్లో ఉందని వైద్య పత్రికలకెక్కింది 1953లో, పిల్లుల్లో 1983లో. పిల్లులకు చాలా అరుదు. కుక్కల్లో ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాటికి వస్తుంది.

ఏ జబ్బులా అయినా కనపడుతుంది గనక పశువైద్యులు దీనికి "గ్రేట్ ప్రిటెండర్" అని పేరు పెట్టారు. వేషాలు వేసేదని. వేషం వేసేది జబ్బే. మన దగ్గర నింద మాత్రం జబ్బుపడ్డవాళ్ళ మీద పడుతుంది. చిన్నమ్మ కాసేపు గోడకానుకుంటే "నాటకాలు" అంటాడు పని చేయించేవాడు. ఆమె నడుము ఎప్పటి నుంచి నొస్తోందో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మన ఇళ్ళల్లో కుక్కలున్నాయి కాబట్టి రెండు మాటలు గుర్తుంచుకోండి. పడుతూ లేస్తూ ఉన్న కుక్కకు సోడియం, పొటాషియం రక్తపరీక్ష చేయించమని అడగండి. జబ్బు ఇదే అయితే ఫ్లుడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి మందులు బతికినన్నాళ్ళూ వాడాలి. వాడితే మామూలుగానే బతుకుతుంది. రెండోది, దురదకని చాలా రోజులు స్టెరాయిడ్ గోలీలు వాడి ఒక్కసారిగా మానేయకండి. బయటి నుంచి మందు వస్తున్నన్నాళ్ళూ గ్రంథి పని ఆపేస్తుంది. అది మేలుకునేదాకా డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.

నయాపూల్‌కు ఒకవైపు ఉస్మానియా దవాఖాన, ఇంకోవైపు హైకోర్టు. జబ్బుతో వచ్చినవాళ్ళనైనా, అన్యాయం జరిగి వచ్చినవాళ్ళనైనా మొదట అడగాల్సిన మాట ఒక్కటే. ఎప్పటి నుంచి? దానికి యంత్రాలక్కర్లేదు. జవాబు చెప్పేదాకా ఆగే ఓపిక కావాలి.

జై భీమ్.