వానల్లో బిగిసే తలుపు

మార్కాపురం పలక అంటే బయటివాళ్లకు రాయే గుర్తొస్తుంది. నాలాంటి వడ్రంగికి మాత్రం దాని చుట్టూ ఉన్న చెక్క చట్రం కనిపిస్తుంది. రాయి తడిసినా ఎండినా దాని కొలత మారినట్టే ఉండదు. చెక్క అలా కాదు. పచ్చి చెక్కతో చట్రం బిగిస్తే, ఎండలు ముదిరేసరికి మూలలు వదులై లోపల రాయి గలగలమంటుంది.

ఆశ్వయుజం వానలు పట్టాయంటే ఇళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేస్త్రీ, తలుపు పట్టేసింది, ఒక్కసారొచ్చి చిత్రిక పట్టిపో" అని. వెళ్తాను గానీ చిత్రిక బయటికి తీయను. అప్పుడు చెక్కితే వైశాఖంలో సందులోంచి వీధి కనిపిస్తుంది, మళ్లీ తిట్లు నాకే.

చెక్క ఉబ్బడానికి వాన మీద పడక్కర్లేదు, గాలిలో తేమ చాలు. కంటికి ఆనని సన్నటి గొట్టాలు గుత్తంగా పేర్చినట్టుంటుంది చెక్క. నీరు ఆ గొట్టాల గోడల్లోకి ఇంకినప్పుడే ఉబ్బుతుంది. ఎండు చెక్క బరువులో ఇంచుమించు 30 శాతం తేమ చేరేసరికి గోడలు నిండిపోతాయి. ఆపైన నీరు గొట్టాల ఖాళీల్లో నిలుస్తుంది. దాంతో బరువు పెరుగుతుందే తప్ప చెక్క లావెక్కదు.

ఇంకో సంగతి. చెక్క నిలువునా పెరిగేది లేదనే చెప్పాలి, పెరుగుదలంతా అడ్డంగానే. అందుకే తలుపు ఎత్తు అలాగే ఉండి, వెడల్పు పెరిగి గడియ వైపు ఒరుసుకుంటుంది. నేను ముందు తలుపు అడుగు అంచు తడిమి చూస్తాను. అక్కడ నిలువు కమ్మీల కోసిన కొనలుంటాయి, గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. తేమ వేగంగా ఎక్కేది అక్కడి నుంచే. రంగు వేసేవాళ్లు ఎప్పుడూ వదిలేసేదీ ఆ అంచునే!

పాత టేకు తలుపుల్లో నడిమి పలకలకు మేకు గానీ జిగురు గానీ ఉండదు, గాడిలో వదులుగా కూర్చుంటాయి. ఎండాకాలంలో చూడండి, పలక అంచున రంగు పడని సన్నటి గీత బయటపడుతుంది. వానల్లో అది మళ్లీ గాడిలోకి వెళ్లిపోతుంది. ఈ కాలపు కుర్రాళ్లు గట్టిగా ఉంటుందని అక్కడ జిగురు పూస్తారు. కదలడానికి చోటులేక పలక నిలువునా పగులుతుంది.

చెక్కపొట్టు అదిమి చేసిన చవక తలుపుల గొడవ వేరు. నొక్కిన పొట్టు ఒకసారి నీళ్లు తాగి విచ్చుకుంటే, ఎండినా మునుపటి మందానికి రాదు. బాత్రూముకు అలాంటివి పెట్టించుకుని పిలుస్తారు. వాటికి చిత్రిక పట్టలేం, తీసి వేరేది బిగించడమే.